ఇదొక్కటైనా

సంఘంలో ఎవరింట్లో తుమ్మినా నాకు తెలుస్తుందని గొప్పలు పోయేవాణ్ణి. నిన్న మధ్యాహ్నం ప్రసంగం రాసుకుంటూ, ఎర్ర పెన్ను కోసం మా ఆవిడ బీరువా సొరుగు తెరిస్తే ఆసుపత్రి ఫైలు దొరికింది. ఎడమ రొమ్ములో గడ్డ. తేదీ చూస్తే మూడు నెలల కిందటిది.

ఆమె వంటింట్లో గిన్నెలు తుడుస్తోంది. ఫైలు ముందు పెట్టాను.

"నాతో ఒక్క మాట చెప్పాలనిపించలేదా?"

"అక్కతో చెప్పాను."

"నేను నీ మొగుణ్ణి!"

"పాస్టరుగారు కూడాను. నాకు కడుపు పోతే యోబు మీద ప్రసంగం చేశారు. అమ్మాయి అలిగి ఇల్లు విడిచిపోతే తప్పిపోయిన కుమారుడి మీద చేశారు. మా నాన్న తాగుడు సంగతి మైకులో చెప్పారు. ఆయన మళ్ళీ మన గడప తొక్కలేదు. ఇదొక్కటైనా నా దగ్గర ఉండనివ్వండి."

తడి గిన్నెల మధ్యే ఆమె పక్కన మోకరించి ఏడ్చాను. ఇక మీదట ఇంటి సంగతి గుమ్మం దాటనివ్వనని మాటిచ్చాను.

"ఆ మాట ఇచ్చాక నా గుండె ఎంత తేలికపడిందో చూడండి, ప్రియులారా," అని ఇంతవరకూ జరిగిందంతా ఈ ఉదయం చెప్పి ముగించి, మైకు ముందు కళ్ళు తుడుచుకున్నాను. సంఘమంతా తుడుచుకుంది. "ఆమేన్" అంది.

ముందు వరసలోంచి మా ఆవిడ లేచింది. చేతిసంచి భుజాన వేసుకుని, అందరూ చూస్తుండగా, వెనక తలుపు దాకా నడిచి వెళ్ళిపోయింది.

వచ్చే ఆదివారం ఏం చెప్పాలో నాకు అప్పుడే తట్టింది.