రెండో వైపు కూడా కాలాలి

"ఒంటిగంటకి రైలు. ఇప్పుడే బయల్దేరాలమ్మా," అన్నాడు పెర్సీ.

"తిని వెళ్దువులే," అంది హెట్టీ.

సోమవారం. బట్టలుతికే రోజు. లండన్‌లో ఆ వీధి వీధంతా సబ్బునీళ్ళ ఆవిరి వాసన వేస్తోంది. సోమవారం ఎవరింట్లోనూ కొత్తగా వండరు. ఆదివారం మిగిలిన ఉడకబెట్టిన బంగాళాదుంపలు, క్యాబేజీ కలిపి మెదుపుతారు. కొవ్వు కరిగించి పెనం నిండా పరిచి, మందపు రొట్టెలా వేయిస్తారు. పెనంలో బుడబుడమంటుంది, కిచకిచమంటుంది. పెర్సీకి ఆదివారం మాంసం కన్నా అదంటేనే ప్రాణం.

అతను ఫ్రాన్సులో యుద్ధం వదిలేసి పారిపోయి వచ్చి నాలుగు రోజులైంది. అప్పట్నుంచి మెట్ల కింద బొగ్గుల గదిలోనే పడుకుంటున్నాడు. చనిపోయిన వాళ్ళ నాన్న కోటు వేసుకుని లివర్‌పూల్ రేవు దాకా వెళ్ళగలిగితే చాలు. బ్రెజిల్ వెళ్ళే ఓడలో బొగ్గు వేసే పని ఉందని ఎవరో చెప్పారు. పంతొమ్మిదేళ్ళ కుర్రాడు. ఎలాగో బతుకుతాడు.

"ఆ ఓడలు దారిలోనే మునిగిపోతున్నాయట కదరా," అంది హెట్టీ, పెనం దగ్గర్నుంచి కదలకుండా.

"అన్నీ మునగవులే. ఇంకా కాలేదా?"

"అడుగు ఎర్రగా పట్టాలి. తొందరపడితే విరిగిపోతుంది."

పెర్సీ గడియారం వైపు చూశాడు. హెట్టీ కూడా చూసింది.

"నాన్నా, నువ్వే వెళ్ళి లొంగిపోరాదూ? మహా అయితే జైల్లో పెడతారు. పక్కింటి ఫ్లోరీ కొడుకు ఉండట్లేదూ? మొన్న వెళ్ళి చూసొచ్చింది. కాస్త ఒళ్ళు కూడా చేశాడట."

పెర్సీ నవ్వాడు. "వాడు దొంగ కాబట్టి జైల్లో కూర్చోబెట్టి మేపుతున్నారు. మాకా అదృష్టం లేదు."

"అంటే?"

"మా పటాలంలో ఆల్ఫ్ అని ఉండేవాడు. నాలాగే పారిపోయి దొరికాడు. పది నిమిషాలు విచారించారు. మర్నాడు కుర్చీకి కట్టి, కళ్ళకి గుడ్డ కట్టి కాల్చేశారు. మా అందర్నీ వరసలో నిలబెట్టి మరీ చూపించారు."

"నిజంగా చూశావా నువ్వు?"

"వాడి టోపీ ఇంకా నా సంచిలోనే ఉంది. వాళ్ళమ్మకి ఇద్దామని తెచ్చాను. ఏమని చెప్పి ఇవ్వాలో తెలియక ఉంచేశాను."

హెట్టీ చేతిలో అట్లకాడ ఆగిపోయింది. పెనం కిచకిచమంటూనే ఉంది. ఆమె పెనాన్ని పొయ్యి మీంచి పక్కకి లాగేసింది.

"లే. బూట్లు తొడుక్కో. వెళ్ళిపో."

"ఇదేంటమ్మా? ఇప్పటిదాకా తిని వెళ్ళమన్నావు."

"కాగితంలో చుట్టిస్తాను. రైల్లో తిందువుగాని."

"సగం పచ్చిదా?" పెర్సీ పెనాన్ని మళ్ళీ పొయ్యి మీదికి జరిపాడు. "నాలుగు నెలలు బురదలో కూర్చుని దీని గురించే కలలు కన్నాను. రెండో వైపు కూడా కాలనీ. ఇంకో పది నిమిషాల్లో వెళ్తాను. నీ ముందు కూర్చుని తింటాను. మళ్ళీ ఎప్పుడు తింటానో ఏమో."

"ఒద్దురా. నా మాట విను."

"నువ్వు చెప్పిందే కదమ్మా, తొందరపడితే విరిగిపోతుందని."

అతను పెనం మీద పళ్ళెం బోర్లించి ఒడుపుగా తిప్పాడు. అడుగు బంగారు రంగులో పైకి వచ్చింది. చిన్నపిల్లాడిలా తల్లి వైపు చూశాడు, మెచ్చుకుంటుందని.

హెట్టీ అతని మోచెయ్యి పట్టుకుంది. "పెర్సీ, నేను..."

వీధి తలుపు మీద ఎవరో తట్టారు. పెర్సీ ఒక్క అంగలో బొగ్గుల గదిలోకి దూరాడు.

వచ్చింది పక్కింటి ఫ్లోరీ. చేతులకి మోచేతుల దాకా సబ్బు నురగ.

"కాస్త బట్టల సోడా ఉంటే పెట్టవే హెట్టీ, నాది అయిపోయింది. ఏంటిది, ఒక్కదానివే పెనం నిండా వేసుకున్నావు? కొంపదీసి మొగుణ్ణెవర్నైనా చూసుకున్నావా?"

"రాత్రికి కూడా ఉంటుందని."

"ఉంటుంది, ఉంటుంది. మొహం ఏంటి అలా పాలిపోయింది? మీ పెర్సీ దగ్గర్నుంచి ఉత్తరం రాలేదా?"

"రాలేదు."

"వస్తుందిలే. మా వాడైతే జైల్లోంచి కూడా రాస్తున్నాడు, గంజి బాగోలేదని."

సోడా ఉన్న డబ్బా మొత్తం ఆమె చేతుల్లో పెట్టేసింది హెట్టీ. ఫ్లోరీ ఇంకేదో అనబోతుంటే భుజం పట్టి వాకిట్లోకి నడిపించి, తలుపు గడియ వేసింది.

"వెళ్ళిపోయిందా?" పెర్సీ బొగ్గు మసితో బయటికి వచ్చాడు. "నన్ను చూసిందంటావా? దాని నోట్లో నువ్వుగింజ నానదు. సాయంత్రానికి వీధంతా చెప్పేస్తుంది."

"చూడలేదు. వెళ్ళు నాన్నా, నీకు దణ్ణం పెడతాను, వెళ్ళు."

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని అతని బూట్లకి తాళ్ళు కట్టసాగింది. ముడి పడటం లేదు. పెర్సీ నిలబడే పెనంలోంచి ఒక ముక్క తుంచుకుని నోట్లో వేసుకున్నాడు.

"అబ్బ, ఎంత బాగుందో," అన్నాడు. "ఏడవకమ్మా. ఓడ ఎక్కగానే ఉత్తరం రాస్తాను."

మళ్ళీ తలుపు తట్టారు. ఈసారి నెమ్మదిగా, మూడుసార్లు. అదే సమయానికి పెరటి తలుపు తెరుచుకుంది. అక్కడ తుపాకులతో ఇద్దరు సిపాయిలున్నారు.

పెర్సీ పరిగెత్తలేదు. ఎక్కడికి పరిగెత్తాలో అతనికి తెలియలేదు. నోట్లో ముక్క మింగి, చేతులు కోటుకి తుడుచుకున్నాడు.

"ఫ్లోరీయే చెప్పుంటుంది," అన్నాడు మెల్లగా. "నువ్వేం బాధపడకమ్మా, ఇందులో నీ తప్పేం లేదు."

హెట్టీ అతని బూటు వదల్లేదు. ఒక సిపాయి వెళ్ళి వీధి తలుపు గడియ తీశాడు. నెరిసిన మీసాల పోలీసు సార్జంటు టోపీ తీసి లోపలికి వచ్చి, కింద కూర్చున్న ఆమె వైపు గౌరవంగా వంగాడు.

"పొద్దున్నే మీరు పోలీస్ స్టేషన్‌కి వచ్చి చెప్పి మంచి పని చేశారు మిసెస్ టింప్సన్, లేకపోతే మీ అబ్బాయి మాకు దొరికేవాడే కాదు."