పలకని సర్వర్

సర్వర్ రూంలో అనూప్ పాస్‌వర్డ్ పనిచెయ్యలేదు. తను పని నేర్పిన నిస్సి వైపు తిరిగాడు.

"నన్నెవరు తీసేసిండ్రు?"

"నేనే అన్నా. ఎన్ని కాల్స్ చేసినా పలకలేదని సార్‌కు చెప్పి, మీ పని అందుకున్న."

"అమ్మ దవాఖానల ఉండె, ఫోన్ చూడలే. నిన్ననే మట్టి చేసినం."

"తెల్సు. చర్చిల ప్రార్థన గూడ చేసిన."

"తెలిసి గూడనా?"

నిస్సి తెర మీంచి కళ్లు తిప్పలేదు. "మీరు నేర్పిందే. రెండు సర్వర్లకు ఒక్కటే స్టోరేజీ. ఒకటి పలకకపోతే, బతికుందేమోనని చూడొద్దు. ముందు దాని కరెంటు తీసెయ్యాలె. లేకుంటే రెండూ ఒకేసారి రాసి డేటా ఖరాబ్ చేస్తయ్."

"నేను మిషన్‌నా?"

"ఆఫీసు ఫోన్ గిక్కడ పెట్టి పోండ్రి."

ఇవ్వబోతూ అనూప్, తనకున్న ఆ ఒక్క ఫోన్‌లో మిస్డ్ కాల్స్ చూశాడు. టేక్మాల్‌లో ఉండే మేనమామవి ఉన్నాయి, పాస్టర్‌గారివి ఉన్నాయి. నిస్సిది ఒక్కటీ లేదు.