పాతికేళ్ళలోపు వాళ్ళకే

గోనెసంచిలో కాళ్ళు పెట్టి గెంతుతూ గెంతుతూ, గెలుపు గీత ఇంకా బారెడు దూరం ఉండగానే ఆయన బోర్లా పడ్డాడు.

పిల్లలు గొల్లున నవ్వారు. ఆయనా వాళ్ళతో కలిసి నవ్వి, మోచేతికంటిన మట్టి దులుపుకున్నాడు.

"ఎవర్రా ఈయన?" చూస్తున్న ఫాదర్ అడిగారు.

"తెలీదు ఫాదర్. అడిగితే ఊరికే కాలక్షేపానికి వచ్చానంటాడు" అన్నాడు యూత్ అన్న.

ఆ చర్చిలో కుర్రకారు బాధ్యతంతా యూత్ అన్నదే. వేసవి వచ్చిందంటే అతనికి ఊపిరి తిప్పుకునే తీరికుండదు. పొద్దున పూజకి పాటలు, మధ్యాహ్నం బైబిలు తరగతులు, సాయంత్రం ఆటలు. మధ్యలో బస్సు మాట్లాడాలి, అలిగినవాళ్ళని బుజ్జగించాలి, చీరుకుపోయిన మోకాళ్ళకి మందు రాయాలి. కొత్తగా చేరిన పిల్లల ఇళ్ళకి వెళ్ళి పలకరించి రమ్మని ఫాదర్ పోరుతూనే ఉన్నారు. రేపు వెళ్దాం, రేపు వెళ్దాం అనుకుంటుండగానే వేసవి చివరికొచ్చింది.

గోనెసంచిలో గెంతిన ఆయనకి యాభై దాటి ఉంటాయి. అయినా ఒక్క కార్యక్రమమూ మానడు. పాటకి అందరూ చప్పట్లు ఆపేశాక ఇంకో రెండు కొడతాడు. తరగతి జరుగుతుంటే మాత్రం హాల్లో వెనక గోడకి ఆనుకుని బుద్ధిగా కూర్చుంటాడు. పిల్లలు ఆయనకి ముసలి యువకుడని పేరు పెట్టారు. ఆయనంటే యూత్ అన్నకీ ముచ్చటే.

కానీ ఆ వేసవంతా అతని ప్రాణం ఒక పిల్ల మీదే ఉంది.

ఆ పిల్లకి నత్తి. మాట్లాడితే ఎక్కడ నవ్వుతారోనని మూగనోము పట్టినట్టు కూర్చునేది. యూత్ అన్న పట్టు వదల్లేదు.

"ఎవరి మొహమూ చూడకమ్మా. వెనక గోడని చూస్తూ చెప్పు" అని నేర్పాడు.

ఆ పిల్ల అటే చూసింది. ఒక మాట వచ్చింది. కొన్నాళ్ళకి ఒక వాక్యం వచ్చింది. వేసవి ముగింపు సభలో మాట్లాడతావా అని అడిగితే తలూపింది. చుట్టుపక్కల చర్చిల పిల్లలంతా వచ్చే సభ అది.

"ఏం చేశావురా దాన్ని?" అని ఫాదర్ ఆశ్చర్యపోయారు.

"అంతా గోడ మహిమ ఫాదర్" అన్నాడు యూత్ అన్న. ఆ రోజంతా అతని కాళ్ళు నేలమీద లేవు.

ఇంతలో పైనుంచి కబురొచ్చింది. సభ పాతికేళ్ళలోపు వాళ్ళకేనట. పెద్దవాళ్ళెవరినీ లోపలికి రానివ్వకూడదట.

యూత్ అన్న ముసలి యువకుణ్ణి పక్కకి పిలిచాడు.

"బాబాయ్‌గారూ, ఏమీ అనుకోకండి. రేపు మీరు రావద్దు."

"మూల నుంచుంటాను బాబూ. ఎవరికీ అడ్డం రాను."

"పెద్దవాళ్ళుంటే పిల్లలు నోరు విప్పరని రూలు పెట్టారండీ. మా పిల్ల ఒకతి రేపు మొదటిసారి అందరి ముందూ మాట్లాడబోతోంది. అది బెదరకూడదు."

ఆయన ఏదో చెప్పబోయాడు. ఆడుకుంటున్న పిల్లల వైపు ఒకసారి చూసి, మానుకున్నాడు.

"నిజమే బాబూ. అది బెదరకూడదు" అని వెళ్ళిపోయాడు.

మర్నాడు హాలు కిటకిటలాడింది. ఆ పిల్ల మైకు ముందు నిలబడి వెనక గోడ వైపు చూసింది. పెదాలు కదిలాయి గానీ మాట రాలేదు. ఈ చివరి నుంచి ఆ చివరి దాకా మళ్ళీ చూసింది.

"గోడ అక్కడే ఉందమ్మా, చూడు" అని యూత్ అన్న గుసగుసగా ధైర్యం చెప్పాడు.

ఎవరో కిసుక్కుమన్నారు. ఆ పిల్ల మైకు వదిలేసి పక్క తలుపులోంచి బయటికి నడిచింది. యూత్ అన్న పాట అందుకోమని పిల్లలకి సైగ చేసి, ఆమె వెనకే పరిగెత్తాడు.

గేటు బయట, మండుటెండలో, ఇస్త్రీ చొక్కా వేసుకుని ముసలి యువకుడు నిలబడి ఉన్నాడు. వద్దన్నా వచ్చాడే అని యూత్ అన్నకి చిరాకేసింది.

"మాట్లాడిందా బాబూ?" ఆయన ఆత్రంగా అడిగాడు. "చెవులు రిక్కించాను గానీ ఇక్కడిదాకా వినబడలేదు."

అప్పటికే ఆ పిల్ల వెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"ఈయన నీకు తెలుసా అమ్మా?" అన్నాడు యూత్ అన్న.

ఆ పిల్ల ఆయన మొహంలోకే చూస్తూ జవాబు చెప్పింది.

"చి... చిన్నపిల్లలా తోడు తెచ్చుకుందని నవ్వుతారని, ఎవరికీ చెప్పొద్దని నేనే ఒట్టు వేయించుకున్నానన్నా. ఈయన మా నాన్న."