చెంచాడు తోడు

తలుపు తట్టిన మనిషిని చూడగానే రఘువీర్‌కి చిరాకేసింది.

మంకీ టోపీ, నల్ల కళ్లజోడు, చేతిలో స్టీలు గిన్నె. పై అపార్ట్‌మెంట్ రష్మి వాళ్ల నాన్న, శ్యామ్‌సుందర్. కూతురిని చూడ్డానికి పార్సిప్పనీ వచ్చాడు. ఈమధ్యే శుక్లాల ఆపరేషన్ అయినట్టుంది.

"చెంచాడు తోడు ఉంటే పెడతావా బాబూ? మాది మరీ పులిసిపోయింది."

అమెరికా వచ్చి కూడా పెరుగు తోడు కోసం గిన్నె పట్టుకు తిరిగే మనిషిని రఘువీర్ ఈయన్నే చూశాడు. "రేష్మా, అంకుల్‌కి కాస్త తోడు ఇవ్వు," అని భార్యకి కేకేశాడు.

ఆయన గుమ్మంలోనే ఆగి గాలి గట్టిగా పీల్చాడు.

వేపాకూ నారింజ తొక్కా కలిపి దంచినట్టు ఇల్లంతా ఒకటే వాసన మరి. వంటగది మూల మూత పెట్టిన ప్లాస్టిక్ బకెట్‌లో రఘువీర్ మొట్టమొదటి బీరు పులుస్తోంది. చేదు గట్టిగా ఉండాలని హాప్స్ పూలు రెండింతలు దట్టించాడు.

ఆ బకెట్ మీదే అతను ప్రాణాలు పెట్టుకున్నాడు. ఏటా థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మేనేజర్ గ్రెగ్ ఇంట్లో పార్టీ. ఎవరి బీరు వాళ్లే ఇంట్లో చేసి తేవాలి. మూడేళ్లుగా రఘువీర్ కోక్ డబ్బా పట్టుకుని ఓ మూల నిలబడ్డాడు. మూడేళ్లుగా వాళ్లకి అతను 'రాగ్'. ఈ రెండువేల తొమ్మిదిలోనైనా ఆ గుంపులో ఒకడనిపించుకోవాలి. పార్టీకి ఇక వారమే ఉంది.

ఆయన పిలవకుండానే లోపలికొచ్చి, వంగి, బకెట్ మూతకి చెవి ఆనించాడు.

"ఇంకా గొణుగుతోంది. ఐదు రోజులాగి సీసాల్లో పొయ్యి."

"టైమ్ లేదంకుల్. ఇవాళే బాటిల్ చేసేస్తున్నా."

"గొణిగేదాన్ని మూత పెట్టి బిగిస్తే ఊరుకోదు నాయనా."

"ఇది కల్లు కాదంకుల్. నెట్‌లో అంతా చదివే చేస్తున్నా."

ఆయన తోడు పుచ్చుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రానికి పన్నెండు సీసాలు నిండాయి. చేత్తో తీసి మళ్లీ బిగించుకునే వైరు మూతలవి. పొంగు బాగా రావాలని గుప్పెడు చక్కెర ఎక్కువే వేశాడు. సీసాల్లో రెండు వారాలైనా ఉంచాలట. ఉన్నది ఒక్క వారం.

అప్పుడు వెలిగింది రఘువీర్ బుర్రలో. చలికి దోసెల పిండి పులవకపోతే రేష్మ ఏం చేస్తుంది? ఓవెన్‌లో పెట్టి లైటు వేసి వదిలేస్తుంది. తెల్లారేసరికి గిన్నె దాటి పొంగుతుంది. పన్నెండు సీసాలూ ఓవెన్‌లో పేర్చి లైటు వేశాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు.

రెండేళ్ల కావ్యశ్రీకి అదో కొత్త టీవీ. ఓవెన్ అద్దానికి ముక్కు ఆనించి కూచుంది.

మర్నాడు మళ్లీ గిన్నె. ఆయన ఓవెన్ వంక చూశాడు, పాప వంక చూశాడు.

"అది పిండి కాదు బాబూ. ముందు పాపని అక్కణ్నించి లేపు."

"వేడేం లేదంకుల్. లైటే."

"వేడి సంగతి కాదు..."

"ఆఫ్‌షోర్ కాల్ అంకుల్," అంటూ రఘువీర్ ఫోన్ చెవిన పెట్టుకుని అవతలికి పోయాడు. ఆ ఫోన్ మోగనేలేదు.

శనివారం గ్రెగ్ ఇంట్లో మొదటి మూత తీశాడు. టప్‌మని చిన్న చప్పుడు. గ్లాసులో తేనె రంగు, పైన రెండు వేళ్ల మందాన నురగ. చేదు నాలుక మీద కాసేపు నిలిచి, పోతూ పోతూ నారింజ వాసన వదిలింది. గుంపంతా మాటలు మానేసి తాగింది.

"రఘువీర్," అన్నాడు గ్రెగ్, మొదటిసారి పేరంతా కూడబలుక్కుని. "ఎలా చేశావిది?"

రఘువీర్ చక్కెరా, ఓవెనూ, లైటూ అన్నీ గొప్పగా చెప్పాడు.

గ్రెగ్ గ్లాసు కింద పెట్టాడు. "అవి సీసాలు కావు, బాంబులు. ఈపాటికి నీ వంటిల్లు గాజు పెంకులైపోవాలి. ఎందుకు పేలలేదు?"

రఘువీర్ ఇంటికొచ్చి రేష్మని అడిగాడు.

"చెప్పొద్దన్నారండీ," అంది రేష్మ. "మీరు ఆఫీస్‌కి వెళ్లగానే రోజూ గిన్నెతో అంకుల్ దిగేవారు. ముందు లైటు ఆర్పేవారు. నన్నూ పాపనీ బెడ్‌రూమ్‌లోకి పంపేవారు. ఒక్కో సీసాకీ తువ్వాలు చుట్టి, మూత తీసి, గాలి తుస్సుమనగానే మళ్లీ బిగించేవారు. మీరొచ్చే ముందు దిగి లైటు వేసి పోయేవారు."

"నాతో ఎందుకు చెప్పలేదు?"

"'మొదటి కాపు కదమ్మా, అబ్బాయి చిన్నబుచ్చుకుంటాడు' అన్నారు."

పన్నెండు సీసాలు, ఐదు రోజులు. అరవై సార్లు ఆయన ఆ బాంబుల ముందు మొహం పెట్టాడు. ఓవెన్ అద్దానికి ఆనిన పాప ముక్కు గుర్తొచ్చి రఘువీర్‌కి భయమేసింది. సిగ్గేసింది. సిగ్గుని మించి, చెవితో విని ఇంత చెప్పిన మనిషిని తలుచుకుంటే అబ్బురమనిపించింది.

మిగిల్చి తెచ్చిన ఒక్క సీసా పట్టుకుని మెట్లెక్కాడు.

"అయ్యో, నాన్నగారు పొద్దున ఫ్లైట్‌కే వెళ్లిపోయారండీ," అంది రష్మి.

"రోజూ తోడుకని వచ్చేవారు..."

"తోడా? ఆయనకి పెరుగు పడదే." రష్మి నవ్వింది. "ఆ రోజు మీ ఇంట్లోంచి వాసన రాగానే చిన్నపిల్లాడిలా సంబరపడిపోయారు. ముప్పై ఏళ్లు బీరు ఫ్యాక్టరీలో పెద్ద మేస్త్రీ ఆయన. ట్యాంకుకి చెవి ఆనిస్తే చాలు, ఎన్నో రోజో చెప్పేసేవారు."

"ఆ కళ్లజోడు చూసి, శుక్లాల ఆపరేషన్ అయిన పెద్దాయన, ఊసుపోక తిరుగుతున్నారనుకున్నానండీ."

"ఆపరేషన్ కాదండీ," అంది రష్మి. "అక్కడే ఓ రోజు మూత బిగించిన సీసా మొహం మీద పేలింది. ఆ కళ్లజోడు వెనక ఎడమవైపుది గాజు కన్ను."