భాస్కర్ కొట్టిన గోల్

"ఒక్క గోల్! పదహారేండ్ల నుంచి ఆడుతున్నవు, ఒక్కటంటే ఒక్క గోల్ కొట్టినవా?"

యమున ఫుట్‌బాల్ బూట్లు కొంగు కింద దాచుకుని వంటింటి గడపకు అడ్డంగా కూర్చుంది. పొద్దున పెట్టిన చాయ్ ఎప్పుడో చల్లారింది గానీ తగాదా చల్లారలేదు.

"నేను బ్యాక్ ఆడుతనే తల్లీ. గోల్ కొట్టుడు నా పని గాదు, కొట్టనియ్యకపోవుడు నా పని," మోకాలికి పట్టీ చుట్టుకుంటూ అన్నాడు ఆమె మొగుడు భాస్కర్. ఈ మాట ఎన్నిసార్లు చెప్పాడో అతనికే లెక్క లేదు.

"ఆదివారం ఆడొస్తవు. సోమారం షాపుల మోటార్ రిపేరుకు కూసుంటే మళ్ల లేవనీకె రాదు. నలభై దగ్గరికొచ్చినయి, ఇంకెందుకీ ఆట?"

"ఇంగ్లండ్‌ల నాలుగో డివిజన్‌ల నలభై దాటినోళ్లు బ్యాక్ ఆడుతుండ్రు. ఫోన్‌ల రోజూ చూస్త. వాళ్లకు గూడ మోకాళ్లకు గిట్లనే పట్టీలు."

"వాళ్లకు పెండ్లాలు లేరా?" మంచం మీద చిక్కుడుకాయలు ఒలుస్తున్న తల్లి రుక్కమ్మ తల ఎత్తకుండానే అడిగింది. కూతురు వర్ష కిసుక్కున నవ్వింది.

భాస్కర్ వంగి పట్టీ ముడి బిగించాడు. ఇద్దరు ఒక్కటైతే ఏ బ్యాక్ మాత్రం ఏం చేస్తాడు?

యమున బూట్లు బయటికి తీసింది. "అత్తా, నువ్వే సాక్ష్యం. ఇయ్యాల లీగ్‌ల ఆఖరి ఆట. గద్వాలతోని ఆడి ఒక్క గోల్ కొట్టి రా. ఇగ నీ కాళ్లు పడిపోయేదాంక ఆడుకో, నోరెత్తితే అడుగు. కొట్టకపోతే బూట్లు పాత సామానోనికి ఏస్త."

"మీ తమ్ముని మీదనా?" అన్నాడు భాస్కర్. గద్వాల జట్టు గోల్‌కీపర్ యమున తమ్ముడు సాయితేజే.

"తమ్ముడైతేంది, బావైతేంది. పో."

ఆత్మకూరు నుంచి గద్వాలకు బండి మీద పోతున్నంతసేపూ భాస్కర్ బుర్రలో గోలే తిరిగింది. వనపర్తి జట్టులో అతను ఆడినన్నాళ్లు ఇంకెవరూ ఆడలేదు. అతన్ని దాటి పోవడమంటే గోడ దూకడమేనని ఆ చుట్టుపక్కల ఆడేవాళ్లందరికీ తెలుసు. ఆ గోడ ఆ రోజు నడవడం మొదలుపెట్టింది. ఆట మొదలైన కాసేపటికే బంతితో ముందుకు ఉరికాడు.

"అన్నా, వెనక్కి! ఇల్లు ఖాళీ పెట్టి ఏడికి పోతున్నవ్?" కెప్టెన్ షాకీర్ అరిచాడు.

భాస్కర్ వెనక్కి వచ్చాడు. ఆట అయిపోవస్తున్నా రెండు వైపులా గోల్ లేదు. ఇక ఆగలేక మళ్లీ ముందుకు పోయాడు. అతను అక్కడుండగానే గద్వాల పిల్లలు బంతి లాక్కుని ఇటువైపు దూసుకొచ్చారు. భాస్కర్ పట్టీ జారిపోతున్నా పట్టించుకోకుండా పరుగెత్తుకొచ్చి, అడ్డంగా కాలు చాపాడు. బంతి సరిగ్గా ఆ నొప్పి మోకాలికే తగిలి, తిన్నగా తమ గోల్‌లోకే పోయింది.

అవతలి కొసన సాయితేజ ఎగిరి గంతేశాడు. "బావా, దిల్‌ఖుష్ చేసినవ్!"

అంతే, విజిల్ పడింది. వనపర్తి ఓడింది.

షాకీర్ కోపపడలేదు. భుజం మీద చెయ్యేసి, "జర రెస్ట్ తీస్కో అన్నా. కొత్త లీగ్ నాటికి చూద్దాం," అన్నాడు. తిడితేనే బాగుండనిపించింది భాస్కర్‌కు.

తిరిగొచ్చేటప్పుడు జూరాల కట్ట దగ్గర చేపల వేపుడు వాసన ముక్కుకు తగిలినా బండి ఆపలేదు. ఇల్లు చేరేసరికి వాకిట్లో వాడకట్టంతా ఉంది. రుక్కమ్మ గిన్నె చంకన పెట్టుకుని అందరి అరచేతుల్లో చక్కెర పోస్తోంది.

"వచ్చిండు నా కొడుకు! గోల్ కొట్టిండు! యమున తమ్ముడే ఫోన్‌ల చెప్పిండు. ఆగురా, లోపలికి రాకు, దిష్టి తీస్త!"

ఉప్పూ మిరపకాయలూ అతని చుట్టూ తిరిగాయి. "మా డాడీ గోల్ కొట్టిండు," అని వర్ష పక్కింటి పిల్లలకు చెబుతోంది. యమున గడపలో నిలబడి చూస్తోంది.

నోరు మూసుకుంటే చాలు. కాళ్లు పడిపోయేదాకా ఆడుకోవచ్చు. మోకాలు బాగైతే షాకీర్ మళ్లీ పిలవకపోడు. భాస్కర్ చక్కెర నోట్లో వేసుకున్నాడు. సగం అరచేతిలోనే ఉంచుకుని తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, గోల్ కొట్టిన మాట నిజమే. మన గోల్‌లనే కొట్టిన. నా వల్లనే ఓడిపోయినం."

రుక్కమ్మ చెయ్యి గిన్నెలోనే ఉండిపోయింది. "మనదాంట్ల మనమే కొట్టుకుంటరారా?"

"సేమ్ సైడ్ అంటరు."

"దానికి పేరు గూడ పెట్టిండ్రా! వాడకట్టంత చక్కెర పంచిన గదరా!"

"పంచితే ఏమాయె అత్తా," అంది యమున నింపాదిగా. "గెలిచింది మా గద్వాలనే గద."

భాస్కర్ తలెత్తి చూశాడు. "నీకు ముందే తెల్సా?"

"తమ్ముడు అంత చెప్పిండు."

"ఇంకేంది మరి. బూట్లు ఏసెయ్ పాత సామానోనికి," భాస్కర్ బూట్లు విప్పి ఆమె ముందు పెట్టాడు.

యమున వాటిని తాకలేదు. కొంగుతో చేతులు తుడుచుకుంది. అత్తను, కూతురిని, మొగుణ్ని ఒకసారి చూసి, మెల్లగా, అందరికీ వినపడేటట్టు చెప్పింది:

"గద్వాలోళ్లకు బ్యాక్ లేడంట, నా తమ్ముడు అడిగిండు, నేను సరే అన్న. కొత్త లీగ్ కెల్లి ఈయన మావోళ్ల దిక్కు ఆడుతడు, నేనూ వర్షా ప్రతి ఆదివారం మా అమ్మగారింటికి పోతం, ఆ రోజు ఇంట్ల వంట నీదే అత్తా."