ఆరని గోడ

ఆ ఇంటి గోడలు ఎవరు పెట్టారు?

ఈ ప్రశ్నకు ఆ కుటుంబంలో నేటివరకు ఎవరూ జవాబు చెప్పలేదు. "మా తాతగారు" అనడం జవాబు కాదు.

పొలం మధ్యనున్న ఆ పాత ఇంటి మట్టిగోడలన్నిటికీ మేస్త్రీ సిమెంటు పూత పూశాడు. నెల తిరిగింది. ముసురు పట్టిన మూడోరోజు ఉదయం ఒక ముసలామె వాకిట్లోకి వచ్చి, పడమటి గోడను వేళ్ల కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నది.

"బాబూ, ఈ గోడ లోపల్లోపల నానుతోంది. పూత గీకించండి. మట్టిగోడకు గాలాడాలి. సిమెంటు పూస్తే తడి ఎటు పోతుంది?"

యజమాని నవ్వాడు. "విన్నావా మేస్త్రీ? గోడకు ముక్కు మూసేశావట!"

"దగ్గుమందు తాగిద్దాం సార్."

"వెటకారం తర్వాత బాబూ. ముందు లోపల మంచం ఉంటే జరపండి," అంది ముసలామె.

గోడకు లోపలివైపు, దాన్ని ఆనుకునే, యజమాని తల్లి మంచం ఉంది.

"మా తాత తన చేత్తో పెట్టిన గోడ ఇది. నువ్వా మాకు చెప్పొచ్చేది?"

"ఆయన చేత్తోనా?"

ముసలామె తన కుడిచేతిని చూసుకుంది. దానికి చిటికెనవేలు లేదు.

"వరసకు వరస ఆరనిచ్చి లేపిన గోడ బాబూ. వరస పెట్టగానే పచ్చిమట్టి మీద అరచెయ్యి అద్దాలి. ఆ అచ్చు రాయిలా గట్టిపడితేనే పైవరస."

"చాల్లే, పోవమ్మా!"

ఆమె పోలేదు. మధ్యాహ్నం రాతిముక్కతో పూత గీకుతూ దొరికింది.

మేస్త్రీ ఆమెను జుట్టు పట్టి ఈడ్చాడు. ఆ గోడకే బయటివైపు చేర్చి కట్టిన పనిముట్ల గదిలోకి తోశాడు. యజమాని తాళం వేశాడు.

"పోలీసులొచ్చేదాకా గోడతోనే కబుర్లు చెప్పుకో!"

గోడ అవతల మంచం కిర్రుమనడం విని, లోపలినుంచి ఆమె గోడ బాదసాగింది.

"అమ్మగారూ! లేవండి! మంచం దిగండి తల్లీ!"

యజమాని తల్లికి ఒళ్లు మండింది.

"కాస్త కునుకు పట్టనిచ్చింది కాదు ముదనష్టపుది! దాని నోట్లో మన్ను పడ!"

నాలుగు తిట్టిపోద్దామని మంచం దిగి వాకిట్లోకి వచ్చింది.

గోడ కూలింది.

మంచం నుగ్గయింది. తల్లి బతికింది. పనిముట్ల గది తలుపుకు తాళం మాత్రం చెక్కుచెదరకుండా వేలాడుతోంది.

మట్టి తోడి శవాన్ని బయటికి తీశారు. నోటినిండా మన్ను.

"చూశారా సార్, నా పూత ఎక్కడా పొడి కాలేదు. పలకలు పలకలుగా పడింది," అన్నాడు మేస్త్రీ.

యజమాని పూతను చూడటం లేదు. గోడ వరసలు వరసలుగా విడిపోయింది. ప్రతి వరస పైముఖం మీదా ఒక అరచేతి అచ్చు ఉంది.

ప్రతి అచ్చుకూ నాలుగే వేళ్లు.

ఆమె పేరేమిటని పోలీసులు అడిగారు. ఎవరికీ తెలియదు.

మీరు లేచి, మీ ఇంటి గోడ మీద చెయ్యి ఆనించండి. దాన్ని పెట్టినవారి పేరు చెప్పండి.