దిష్టి తీసిన పెట్టె

నిప్పు కణిక పెట్టె మూత సందుల్లోంచి లోపలికి జారింది. చుయ్యిమని చిన్న చప్పుడు, ఆ వెనకే కమురు వాసన. హోసియత్ గుండె ఆగినంత పనైంది.

చేతిలో నిప్పుల మీద ఇసిరిక్ ఆకు పొగ వేసిన పెనం అలాగే ఉండిపోయింది. దిష్టి తీద్దామని పెట్టె చుట్టూ మూడుసార్లు తిప్పింది, అంతే. మూడో చుట్టులో పెనం ఒరిగింది. పక్కింటి ముకంబర్ పొద్దున వచ్చి, "ఎంత బాగుందమ్మా, మా ఇంట్లో ఇలాంటిది ఒక్కటీ లేదు" అనేసి, దిష్టి తగలకూడదన్న ఒక్క మాటైనా అనకుండా చక్కా పోయింది. అలా మెచ్చుకుని పోతే తాష్కెంట్‌లో ఏ ఇల్లాలు చేతులు ముడుచుకుని కూర్చుంటుంది?

పోనీ అది మామూలు పెట్టా అంటే కాదు. ఆమె మొగుడు తుర్గున్ ముప్ఫై అయిదేళ్లు రేడియోలో పాటలు రికార్డు చేసిన మనిషి. ఆయన చెవికి తిరుగులేదని అందరూ అంటారు. పాత టేపుల్లోని, తన్బూర్ అనే తీగవాద్యం మీది పాటల్ని రేడియోవాళ్లు శుభ్రం చేసి, ఒక్కో పాటను రెండు రకాలుగా నెట్‌లో ఆయనకు పంపుతున్నారు. ఆయన దేనికి వేలెత్తితే అదే ఖాయం, రెండోది చెరిపేస్తారు.

అందుకే మూడు నెలలుగా ఇల్లు పెట్టెల సంత అయిపోయింది. మొదటి రౌటర్ స్వరాన్ని మింగేస్తోందన్నాడు. రెండోది పాటకు దుప్పటి కప్పినట్టుందన్నాడు. గోడ పొడుగునా తీగలు మార్చాడు, ఆ తీగలకు కాళ్లు తగిలి హోసియత్ రెండుసార్లు పడింది కూడా. చివరికి పాటల కోసమే చేశారన్న ఈ బరువైన నెట్ పెట్టెను ఏరి కోరి తెప్పించి, నిన్ననే బిగించాడు. రేపు పొద్దున్నే రేడియో నుంచి జాఫర్ మరో ఇద్దరిని వెంటబెట్టుకుని వస్తాడు. మిగిలిన పాటలన్నీ వాళ్ల ముందే విని తేల్చాలి.

ఆమె గబగబా ఎర్రపూల కుట్టుగుడ్డ తెచ్చి పెట్టె మీద కప్పింది. కప్పాక ఇంకా భయమేసింది, శవానికి కప్పినట్టుంది.

తుర్గున్ చంకలో రెండు రొట్టెలతో లోపలికొచ్చి ముక్కు ఎగబీల్చాడు.

"ఏమే, ఏం మాడ్చావు?"

"ముకంబర్ కన్ను పడిందండీ, పెట్టెలోంచి పొగొచ్చింది" అంది.

"కన్ను పడితే పొగొస్తుందా? అలాగైతే ఆవిణ్ని తీసుకెళ్లి పొయ్యి దగ్గర కూర్చోబెట్టుకో, గ్యాసు కలిసొస్తుంది."

మామూలుగా అయితే నవ్వేదే. ఇప్పుడు నవ్వు రాలేదు. తన తప్పు తీసుకెళ్లి పక్కింటి మనిషి నెత్తిన రుద్దింది మరి.

"దాదాసీ" అంది మెల్లగా. పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ మొగుణ్ని పిల్లల తండ్రి అనే పిలుస్తుంది, అదే ఆ పిలుపు. "ముకంబర్ కాదు. నేనే. దిష్టి తీస్తుంటే నిప్పు పడింది. మూడు నెలల మీ కష్టం నా చేతులతో నేనే తగలేశాను."

ఆయన గుడ్డ తీసి, వంగి సందుల్లోకి తొంగి చూశాడు.

"పూర్తిగా పోయిందా?"

"పోయినట్టే ఉంది. నాలుగు తిట్టండి, మీరిలా ఊరుకుంటే నేను తట్టుకోలేను."

ఆయన తిట్టలేదు. ఎందుకో ఊపిరి బరువుగా వదిలాడు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చింది. కళ్లు తుడుచుకుంటుంటే పెట్టె అడుగున చిన్న పచ్చ దీపం మిణుకుమిణుకుమంటూ కనిపించింది. ఆశ చావక ఫోను తీసి ఏదో పాట నొక్కింది. స్పీకర్లలోంచి గది నిండా తన్బూర్ మోగింది.

"పాడుతోందండీ, పోలేదు. బతికించాడు దేవుడు."

తుర్గున్ మొహం పాలిపోయింది. వెళ్లి వీధి తలుపు గడియ పెట్టి వచ్చాడు.

"పెనంలో నిప్పు ఇంకా ఉందా?"

"ఉంది, ఎందుకూ?"

"ఇంకో కణిక వెయ్యి."

"మతి పోయిందా మీకు? రేపు వాళ్లొస్తే ఏం చెబుతారు?"

"పెట్టె కాలిపోయిందని చెబుతాను." ఆయన ఆమె వైపు చూడలేకపోయాడు. "ఏ పెట్టె పెట్టినా ఆ సన్నటి స్వరాలు నాకు వినపడటం లేదే. మొన్న తేల్చిన నాలుగు పాటలకూ ఊహ మీదే వేలెత్తాను."